ఆఫీసుకు నెట్ కనెక్షన్ తీసుకునే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హనుమకొండలో ఆఫీసు తెరుస్తున్నావని, నెట్ ఏ కంపెనీది తీసుకోమంటావని అడిగావు. ఎవరి వేగం బాగుందో ఆ వీధిలోవాళ్లే చెబుతారు. నేను చెప్పేదల్లా ఒక్కటే: ఆ కంపెనీ పదేళ్ల తర్వాత అదే పేరుతో ఉండకపోవచ్చునని ముందే లెక్కలో పెట్టుకో.

1995 ఆగస్టు 15న మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ తెచ్చింది ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్. 2002లో అది టాటాల చేతికి వెళ్లింది, 2004లో డిష్‌నెట్ డీఎస్ఎల్ అనే కంపెనీ ఇంటర్నెట్ వ్యాపారాన్ని కొన్నది, 2008లో తానే టాటా కమ్యూనికేషన్స్‌గా పేరు మార్చుకుంది. హైదరాబాదులో ఎంతోమంది వాడిన బీమ్ అనే నెట్ కంపెనీ, బెంగళూరుకు చెందిన యాక్ట్ అనే కంపెనీలో కలిసిపోయింది. వీధివీధికీ తీగ లాగే ఖర్చంతా ముందే పెట్టాలి, పోటీ పెరిగేకొద్దీ నెల చందా తగ్గుతూ వస్తుంది. అప్పు మోయలేని సంస్థ తీగలతోపాటు చందాదారులనూ పెద్ద సంస్థకు అప్పగిస్తుంది.

నాకు నెట్ ఇచ్చిన ఒక సంస్థ అలాగే చేతులు మారినప్పుడు, వాళ్లిచ్చిన ఈమెయిల్ చిరునామా కూడా పోయింది. విజిటింగ్ కార్డుల మీద, బ్యాంకులో, ఖాతాదారులందరి దగ్గరా ఉన్నది ఆ చిరునామాయే. పాత ఉత్తరాలు దించుకునేలోపు గడువు తీరిపోయింది. మీ తాతయ్య వైద్యం గురించి మీ అమ్మ రాసినవి కూడా వాటిలోనే పోయాయి, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. కాబట్టి నెట్ ఇచ్చేవాడి దగ్గర మెయిల్ పెట్టుకోకు. డొమైన్ పేరును, అంటే వెబ్‌సైట్‌కూ, మెయిల్ చిరునామాలో @ తర్వాతా వాడే పేరును, నీ పేరు మీదే నమోదు చేయించు. వెబ్‌సైట్ చేసిపెట్టే కుర్రవాడి పేరు మీద ఉండనివ్వకు. మెయిల్ దాని మీద నడిస్తే, నెట్ ఎవరిదైనా చిరునామా నీదే.

తగ్గింపు ఆశ చూపినా ఏడాది చందా ఒకేసారి కట్టకు, మూడు నెలలకు మించి వద్దు. స్టాటిక్ ఐపీ, అంటే నెట్‌లో నీ కనెక్షన్‌ను గుర్తించే స్థిరమైన నంబరు, తీసుకుంటే అది కంపెనీదేనని, కంపెనీ మారితే మారుతుందని గుర్తుంచుకుని, దాని మీద ఆధారపడిన కెమెరాలూ సర్వర్లూ ఏవేవో ఒక కాగితం మీద రాసిపెట్టుకో. యాజమాన్యం మారిందని సందేశం వస్తే, ముందు బ్యాంకులో ఆటోపే ఎవరి పేరు మీద ఉందో చూసుకో.

రూటర్ నీదా, వాళ్లదా, డిపాజిట్ ఎంత అన్నది రసీదులో రాయించి, తీగ లాగడానికి వచ్చిన రోజే సంతకం తీసుకో.

ఇట్లు,
మామయ్య