చిట్టీ, అర్థం కాకపోతే తల ఊపకు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మాయి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, అమ్మకి వీసా వచ్చేసింది, పదేళ్లకి ఇచ్చారు, వచ్చే నెల టికెట్ కూడా తీసేశాం, నాన్నకి కోతల పని ఉంది కాబట్టి అమ్మ ఒక్కతే వస్తోంది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మరిదిగారు పక్కన లేకపోతే తణుకు నుంచి విజయవాడ బస్సు కూడా ఎక్కని దానివి, రెండు విమానాలు మారి అమెరికా వెళ్తావా! నవ్వొచ్చింది. నాన్న ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు కదా అనిపించింది. ఆ తర్వాత తెల్లారేదాకా కన్ను మూతపడలేదు. ఫోన్లో చెబుదామంటే నువ్వు స్పీకర్ పెట్టి, పోపు వేసుకుంటూ "ఊ, ఊ" అంటావు. అందుకే రాస్తున్నాను. అద్దాలు పెట్టుకుని, టీవీ కట్టేసి చదువు.

సామాను సంగతి ముందు తేల్చేస్తాను. ఆవకాయ, కారప్పొడులు, సున్నుండలు, మినప అప్పడాలు సరే. కోడిమాంసం పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. పళ్లు వద్దు. కరివేపాకు రెబ్బ కూడా వద్దు, చీరల మడతల్లో పెడితే ఎవరికీ తెలియదని మీ ఎదురింటావిడ చెప్పుంటుంది, వినకు. అక్కడి ఎయిర్‌పోర్టులో వాసన పట్టే కుక్క వచ్చి పెట్టె పక్కన కూర్చుంటుంది. తిండి సరుకులున్నాయా అని అడిగితే ఉన్నాయని చెప్పి చూపించు. ఉండీ లేవన్నావంటే వెయ్యి డాలర్ల దాకా జరిమానా. బీపీ మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో. పాత పాస్‌పోర్టు కూడా పట్టుకెళ్లు. సామాను అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. వీసా వచ్చింది కదా ఇంకేం భయం అంటున్నారట అందరూ. వీసా ఉంటే విమానం ఎక్కనిస్తారు, అక్కడ దిగి వరసలో నిలబడనిస్తారు, అంతే. లోపలికి పంపాలా వద్దా, పంపితే ఎన్నాళ్లకి పంపాలి అనేది ఆ అద్దాల గదిలో కూర్చున్న ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ ఇష్టం. 2023 ఆగస్టులో గుర్తుందా, చదువుకోడానికి వెళ్లిన మన పిల్లల్ని ఇరవై మందికి పైగా ఒక్కరోజులోనే వెనక్కి పంపేశారని పేపర్లన్నీ రాశాయి. అట్లాంటా, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోలలో దిగిన పిల్లలు, చాలామంది మన తెలుగువాళ్లే. అందరి దగ్గరా వీసా ఉంది, సీటు ఉంది. కాగితాలు చూశారు, ఫోన్లు తీసుకుని చాటింగులు చూశారు, తిరుగు విమానం ఎక్కించారు. చదువుకున్న పిల్లలకే అలా అయితే మనమెంత.

నిన్ను భయపెట్టాలని కాదే. నూటికి తొంభై తొమ్మిది మంది అమ్మలు, అమ్మమ్మలు రెండు ప్రశ్నలకి జవాబు చెప్పి బయటికి వచ్చేస్తారు. నువ్వూ అలాగే వస్తావు. కానీ ఆ రెండు ప్రశ్నల దగ్గరే నీ మీద నాకు అనుమానం.

నువ్వు ఏ ఊళ్లో ముందు దిగుతావో ఆ ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్. అమ్మాయి ఉండేది డల్లాస్ అయినా, విమానం చికాగోలో మారితే చికాగోలోనే జరుగుతుంది, పెట్టెలు కూడా అక్కడే తీసుకుని మళ్లీ వేయాలి. అబుదాబి మీదుగా అయితే ఇంకో రకం, 2014 నుంచీ అమెరికా వాళ్ల తనిఖీ ఆ ఎయిర్‌పోర్టులోనే పెట్టారు. అక్కడ సరే అంటే అమెరికాలో దిగాక ఆ వరస ఉండదు. వద్దంటే అక్కణ్ణుంచే ఇంటికి. నాకైతే అదే నయమనిపిస్తుంది, పద్నాలుగు గంటలు కూర్చుని వెళ్లి మళ్లీ పద్నాలుగు గంటలు రావడం తప్పుతుంది. టికెట్ ఎలాగూ తీసేశారు కాబట్టి ఇది ఊరికే చెబుతున్నాను.

కౌంటర్ దగ్గర వేళ్లు పెట్టమంటారు. ముందు నాలుగు వేళ్లు, తర్వాత బొటనవేలు. మన వేళ్లు అంట్లు తోమి తోమి, చింతపండు పిసికి పిసికి గీతలు అరిగిపోయాయి, ఆ యంత్రానికి ఆనవు. వాళ్లు "ప్రెస్, ప్రెస్" అని గట్టిగా అంటారు, అది కోపం కాదు. విమానం దిగే ముందు చేతులకి కాస్త క్రీము రాసుకో. నా వేళ్లు ఎప్పుడూ రెండోసారికి గానీ పడవు. ఆ హాల్లో ఫోన్ తీయకూడదు, కాబట్టి అమ్మాయి చిరునామా, అల్లుడి నంబరు, ఆఫీసు పేరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించుకుని పాస్‌పోర్టులో పెట్టుకో. తిరుగు టికెట్ ప్రింటు కూడా.

వీల్‌చైర్ పెట్టించారట, మంచిదే. కాళ్లు బాగున్నా భాష రాదని పెట్టించుకోవడం మనవాళ్లకి అలవాటైపోయింది, నేను తప్పనను. కానీ తోసుకెళ్లే అబ్బాయి నీ బదులు జవాబులు చెప్పబోతే ఆగమను. అతనికి నీ సంసారం ఏం తెలుసు?

రాజమండ్రి వదినగారు, మా పెద్దల్లుడి తల్లి, అమెరికా ఎందుకు వెళ్లడం లేదో నీకు ఇంతవరకూ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పుకున్నాం. నిజం అది కాదు.

ఆవిడ ముందు ఒకసారి వెళ్లి దాదాపు ఆర్నెల్లూ ఉండి వచ్చింది. వచ్చి రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ బయల్దేరింది. చంటాడికి జలుబులు, మా అమ్మాయి డెలివరీ సెలవు అయిపోయింది, పిల్లవాణ్ణి డే కేర్‌లో వేయడం ఎవరికీ ఇష్టం లేదు. ఎవరింట్లోనైనా అంతే కదా. ఆవిడ బీఏ చదివింది, ఇంగ్లీషు పేపరు చదువుతుంది, ఆ మాట పదిమందిలో చెప్పుకోవడం ఆవిడకి ఇష్టం. కౌంటర్లో ఉన్న ఆఫీసరు పాస్‌పోర్టు తిప్పి, మొన్ననే వెళ్లావు కదా మళ్లీ ఎందుకొచ్చావన్నాడు. "మనవణ్ణి నేనే చూసుకోవాలి, వాళ్లిద్దరూ ఉద్యోగాలకి పోతారు" అంది. తెలుగు మాట్లాడే మనిషిని ఫోన్లో పిలిపించమంటావా అన్నాడట. అక్కర్లేదు, నాకు ఇంగ్లీషు వచ్చు అంది.

అక్కడే వచ్చింది తంటా. ఇంగ్లీషు పేపరు చదవడం వేరు, ముక్కుతో మాట్లాడే వాడి మాట నిద్రలేని చెవికి ఎక్కడం వేరు. వాడడిగింది సగం అర్థమైంది, మిగతా సగానికి మర్యాద కోసం "యెస్ యెస్" అంటూ పోయింది. పిల్లవాణ్ణి రోజంతా చూస్తావా? యెస్. వాళ్లు నీకు డబ్బు ఇస్తారా? కొడుకు తల్లికి ఖర్చులకి ఇవ్వడా, యెస్. ఎన్నాళ్లు అవసరమైతే అన్నాళ్లు ఉంటావా? యెస్. లోపల ఇంకో గదిలోకి తీసుకెళ్లారు. ఫోన్ తీసుకున్నారు. దాన్లో మా పెద్దది ఇంగ్లీషులో పెట్టిన మెసేజీ ఉంది, మీరు వస్తున్నారని డే కేర్ మానిపించేశాం అత్తయ్యా, నెలకి ఇంత మిగులుతుంది అని. ప్రేమగా పెట్టిందే. చదివేవాడికి మాత్రం వచ్చినావిడ చుట్టపు చూపుగా రాలేదు, పనికొచ్చిందని తేలింది.

తర్వాత ప్రశ్నలు, జవాబులు అన్నీ టైపు చేసి ప్రతి పేజీ మీదా పొడి సంతకం పెట్టమన్నారు. పెట్టేసింది. చదవలేదు. అద్దాలు పెద్ద పెట్టెలో ఉన్నాయట. వాళ్లే ఒక దారి చూపించారు, నీ అంతట నువ్వే వెనక్కి వెళ్లిపోతానంటే వెళ్లిపో, లేదంటే మేమే పంపేసినట్టు రాస్తాం, అప్పుడు ఐదేళ్లు రాకూడదు అని. ఆవిడ వెళ్లిపోతానంది. వీసా మీద రద్దు ముద్ర కొట్టారు. కొడుకు బయట చంటాణ్ణి ఎత్తుకుని నిలబడే ఉన్నాడు. లోపలికి రానివ్వరు. తిరుగు విమానంలో పాస్‌పోర్టు కూడా ఆవిడ చేతికి ఇవ్వలేదు, సిబ్బంది దగ్గర ఉంచుకుని హైదరాబాద్‌లో దిగాక ఇచ్చారు. దొంగని తీసుకొచ్చినట్టు తీసుకొచ్చారు వదినా అని నా దగ్గర ఒక్కసారే ఏడ్చింది. ఆ చంటాడు ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. ఫోన్లో తప్ప వాణ్ణి ఎత్తుకోలేదు ఆవిడ. మళ్లీ వీసాకి పెట్టమంటే ఒప్పుకోదు. ఈ సంగతి ఆవిడ దగ్గర ఎత్తావంటే నీతో మాట్లాడను.

ఆ ఆఫీసరు మంచివాడో చెడ్డవాడో నాకు తెలియదు. మా అల్లుడు ఇప్పటికీ తిడతాడు. నాకు అనిపించేది ఒకటే, ఆవిడ ఒక్క అబద్ధమూ ఆడలేదు. వచ్చిన చిక్కల్లా అర్థం కానిదానికి అవునన్నందుకే.

అది తలుచుకుంటే నువ్వే గుర్తొస్తున్నావు. 1979 గోదావరి పుష్కరాలు మర్చిపోయావా? కోటిలింగాల రేవులో అమ్మ కొంగు వదిలేసి తప్పిపోయావు. నేను ఏడుస్తూ మైకు దగ్గరికి పరిగెత్తాను. వాలంటీరు ఎవరో నిన్ను కూర్చోబెట్టి, మీది కొవ్వూరా పాపా అంటే ఊ అన్నావట. బస్సులో వచ్చారా అంటే ఊ. అమ్మ ఇంటికి వెళ్లిపోయిందా అంటే దానికీ ఊ! ఇంకో పావుగంట ఆలస్యమైతే వంతెన దాటించి కొవ్వూరులో దింపేసేవాళ్లే. పదేళ్ల పిల్లవి, నీ ఊరి పేరు నీకు తెలియక కాదు. పెద్దవాళ్లకి కాదని చెప్పకూడదని. యాభై దాటినా ఆ గుణం పోలేదు నీకు. మొన్న గ్యాసు కుర్రాడు ఎక్కువ తీసుకుంటే కూడా తల ఊపావు, నేను చూశాను.

కాబట్టి ఈ ఒక్కటీ నాకోసం చెయ్యి. కౌంటర్ దగ్గరికి వెళ్లగానే "తెలుగు, ప్లీజ్" అను. సిగ్గుపడకు. వాళ్ల దగ్గర ఫోన్లో తెలుగు చెప్పేవాళ్లు దొరుకుతారు, కాసేపు పడుతుంది, పట్టనీ. ఎందుకొచ్చావంటే అమ్మాయికి పురుడు, చూడ్డానికి వచ్చానని చెప్పు. సాయం చేస్తావా అంటే తల్లిని కదా, బాలింతకి వండి పెడతాను, మనవణ్ణి ఎత్తుకుంటాను, జీతమూ లేదు, ఉద్యోగమూ కాదని చెప్పు. దాచడానికేముంది? పిల్లవాడి కోసమే ఏడాదంతా అక్కడే ఉండిపోయే ఆలోచన అమ్మాయికి గానీ ఉంటే ఇప్పుడే మానుకోమను, నేనూ చెబుతాను. ఎన్నాళ్లు అంటే టికెట్లో ఉన్న తారీఖు చెప్పు, "చూద్దాం" అనకు. వెనక్కి ఎందుకు వెళ్తావంటే ఇక్కడ మొగుడున్నాడు, మూడెకరాల చేను ఉంది, అత్తగారికి ఎనభై ఏళ్లు అని చెప్పు. ఏది తెలియకపోతే తెలియదను. అల్లుడి జీతం నీకు నిజంగానే తెలియదు కదా, ఊహించి చెప్పకు.

లోపలి గదికి పిలిస్తే భయపడకు, చాలామందిని ఊరికే కూడా పిలుస్తారు. మాత్రల వేళైతే మాత్రలు కావాలని అడుగు. తెలుగులో చదివి వినిపించేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. అద్దాలు చేతి సంచిలో ఉండాలి, మెళ్లో తాడు కట్టుకుంటే ఇంకా మంచిది. నీ ఫోన్లో ఏముంటాయో నాకు తెలుసు, దేవుడి ఫొటోలూ, వంటల వీడియోలూ. అయినా అమ్మాయితో మాట్లాడిన మాటలు ఒకసారి నువ్వే చదువుకో. తుడిచేయమనడం లేదు, తుడిచినట్టు కనిపిస్తే ఇంకా అనుమానం. నువ్వు రాసిందానికీ చెప్పేదానికీ తేడా ఉండకుండా చూసుకోమంటున్నాను.

బయటికి వచ్చాక అందరూ మర్చిపోయేది ఒకటుంది. వీసా పదేళ్లకి ఇచ్చారు కదా అని పదేళ్లు ఉండడానికి లేదు. ఎన్నాళ్లు ఉండొచ్చో ఆ రోజు ఆఫీసరు వేసిన తారీఖే లెక్క, మామూలుగా ఆర్నెల్లు. దాన్ని ఐ-94 అంటారు, కంప్యూటర్లో దొరుకుతుంది, అల్లుణ్ణి ఆ రాత్రే తీయమను. తారీఖు దాటి ఆర్నెల్లకి పైగా ఉండిపోతే మూడేళ్లు రానివ్వరు, ఏడాది దాటితే పదేళ్లు. చంటిపిల్ల బోసినవ్వు చూస్తే ఇంకో నెల ఉండిపోదామనిపిస్తుంది. నాకూ అనిపించింది.

మరిదిగారికి చెప్పు, నువ్వు లేనన్నాళ్లూ అత్తగారికి భోజనం మా ఇంటి నుంచి వస్తుందని. మొహమాటపడితే ఊరుకోను. హైదరాబాద్‌కి నేను వస్తున్నాను, శంషాబాద్‌లో లోపలికి పంపేదాకా ఉంటాను. ఆదివారం మీ ఇంటికి వచ్చి ఆఫీసరులా కుర్చీ వేసుకుని కూర్చుని ప్రశ్నలన్నీ అడుగుతాను. మరిదిగారినీ కూర్చోమను. నువ్వు ఒక్కసారి ఊ అన్నా మళ్లీ మొదటి నుంచి.

మీ అక్క