ముల్లు ఊగుతోందా? పార్టు మార్చే ముందు పైపులు చూడండి

ప్రశ్న: మాది 2009 మోడల్ పెట్రోల్ కారు. వారానికోసారి పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతికి వస్తుంటాను. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. ఊళ్లోకొచ్చి సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో నిలబెడితే మాత్రం ఆర్‌పీఎం ముల్లు 800 నుంచి 1500కు లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఒక్కోసారి ఈ ఇబ్బంది అసలుండదు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు మార్పించాను. స్కానర్ పెడితే కోడ్ ఏమీ రాలేదు. ఇప్పుడు థ్రాటిల్ బాడీ మొత్తం మార్చాలంటున్నారు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఇప్పుడే వద్దన్నా. వేలు పోసి కొత్తది బిగించాక కూడా ముల్లు ఊగితే అప్పుడేం మారుస్తారు?

రేణిగుంట రోడ్డులో మా షెడ్డుకు ఈ కంప్లయింట్‌తో వచ్చే బళ్లు చాలావరకు ఇలాగే రెండు మూడు పార్టులు మార్పించుకుని వస్తాయి. అసలు జరిగేది ఏమిటంటే, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు, అంటే థ్రాటిల్, మూసుకుంటుంది. ఇంజిన్ ఆగిపోకుండా కావలసిన కాస్త గాలిని ఐడిల్ వాల్వు పక్కదారిలో వదులుతుంది. మీ కారు వయసు బళ్లలో చాలావాటికి ఇదే ఏర్పాటు. ఇది కాక లెక్కలో లేని గాలి ఇంకెక్కడినుంచో దూరితే ఆర్‌పీఎం లేస్తుంది. కాలు పెడల్ మీద లేదు, ఇంజిన్ మాత్రం జోరుగా తిరుగుతోంది, అంటే బండి ఏదో దిగుడులో ఉందని ఇంజిన్ కంప్యూటర్ (ఈసీఎం) అనుకుంటుంది. పెట్రోలు ఆపేస్తుంది. ముల్లు పడుతుంది. ఇంజిన్ ఆగిపోయేలా ఉందని మళ్లీ పెట్రోలు వదులుతుంది. ముల్లు లేస్తుంది. మన పల్లెల్లో బోరు పైపు ఎక్కడో గాలి పీలిస్తే నీళ్లు ఆగి ఆగి పడతాయి చూడండి, అలాంటిదే ఇది.

కాబట్టి వెతకాల్సింది గాలి ఎక్కడ దూరుతోందన్నది. దానికి మీరు రాసిన ఒక్క మాట బాగా పనికొస్తుంది: హైవే మీద లేదు, ఊళ్లో నిలబెడితే వస్తోంది. బండి నడిచేటప్పుడు బానెట్ కింద గాలి ఆడుతుంది. నిలబెట్టగానే వేడి అక్కడే నిలిచిపోతుంది. పాత రబ్బరు పైపు ఆ వేడికి మెత్తబడి, పగులు నోరు తెరుస్తుంది. ఇదే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గితే నేను ఇంజిన్‌లోకి గాలి పంచే గొట్టాల (మేనిఫోల్డ్) అతుకు దగ్గరి గ్యాస్కెట్‌ను అనుమానించేవాణ్ని.

నేనైతే మొదట చెయ్యి పెట్టేది ఇంజిన్ లోపలి ఆవిరిని లాగే పీసీవీ పైపు మీద. ఇంజిన్ పైన వాల్వ్ కవర్ నుంచి ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌కు పోయే వేలెడు లావు పైపు అది. పైనుంచి చూస్తే నిగనిగలాడుతూ ఉంటుంది. వంపు తిరిగే చోట, కింది వైపు వేలు పోనిచ్చి తడమండి. లోపలి ఆయిల్ ఆవిరికి అక్కడ ఉబ్బి జిగటగా ఉంటుంది, లేదా సన్నగా చీలి ఉంటుంది. చల్లటి ఇంజిన్ మీదే తడమండి, ఫ్యాను, బెల్టుల జోలికి పోకండి. తరవాత బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్ పైపు. దాని మీద అనుమానముంటే ఇంజిన్ నడుస్తుండగా ప్లయర్‌కు గుడ్డ చుట్టి పైపును మెల్లగా నొక్కితే చాలు. ముల్లు కుదురుకుందంటే దొంగ దొరికినట్టే. కానీ నొక్కిన పైపుతో బండి నడపకండి, బ్రేకు గట్టిపడిపోతుంది.

ఇంకో మాట అడగాలి. ట్యాంకు ఫుల్ చేయించిన రోజే ఎక్కువగా వస్తోందా? అలాగైతే పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే పర్జ్ వాల్వు మూసుకోవడం లేదేమో చూడాలి. దాని పైపును కూడా అలాగే నొక్కి చూడొచ్చు.

కూలెంట్ కూడా చూడండి, రిజర్వాయర్‌లో కాదు, చల్లారిన రేడియేటర్ మూత తీసి. మట్టం తగ్గి లోపల గాలి చేరితే టెంపరేచర్ సెన్సర్ ఒకసారి నీళ్లలో, ఒకసారి గాలిలో ఉంటుంది. ఈసీఎంకు తప్పుడు లెక్క పోతుంది. వేడి రేడియేటర్ మూత మాత్రం తీయకండి.

కోడ్ రాలేదంటే తప్పు లేదని కాదు. మెకానిక్‌ను స్కానర్‌లో లైవ్ డేటా, అంటే ఇంజిన్ నడుస్తుండగా కనిపించే అంకెలు చూపించమనండి. ఫ్యూయెల్ ట్రిమ్, అంటే ఈసీఎం పెట్రోలును ఎంత పెంచి తగ్గిస్తోందన్న లెక్క, ఐడిల్‌లో ప్లస్ 15 శాతం దాటి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నా దగ్గరికి వస్తే గాలి లీకే. రెండు చోట్లా ఎక్కువే ఉంటే పెట్రోలు సరిగ్గా అందడం లేదేమో, ఆ దారి వేరు. మీ కారులో గాలి పీడనం చూసే మ్యాప్ సెన్సర్ ఉంటే మాత్రం ట్రిమ్ మామూలుగానే ఉండొచ్చు, అప్పుడు పైపుల్లోకి పొగ ఊది చూసే స్మోక్ టెస్టే మేలు. పొగ ఎక్కడ బయటికొస్తే లీకు అక్కడ.

ఇవన్నీ బాగుంటేనే థ్రాటిల్ బాడీ. అదీ మార్చడం కాదు, శుభ్రం చేయడం. ఐడిల్ వాల్వు రంధ్రంలో కార్బన్ పేరుకుని ఇరుక్కుంటుంది. క్లీనర్ స్ప్రే గుడ్డ మీద కొట్టి తుడవమనండి. తుడిచాక కొంతసేపు ఐడిల్ ఎక్కువగా ఉంటే టెన్షన్ పడకండి, కంప్యూటర్ మళ్లీ నేర్చుకుంటుంది.

ప్రశ్న: తిరుమల నుంచి దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని మా బావగారు అంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రేణిగుంట

జవాబు: కార్బురేటర్ల రోజుల్లో ఆ మాట నడిచేది. పైన చెప్పానే, గేరులో ఉండి కాలు తీస్తే ఇంజెక్షన్ ఇంజిన్‌కు పెట్రోలు ఆగిపోతుందని. న్యూట్రల్‌లోనే అది ఐడిల్ అవుతూ తాగుతుంది. మీ బావగారికి గట్టిగా చెప్పమ్మా.

దిగే దారి 1944 నాటి పాత ఘాట్ రోడ్డు, మలుపు వదిలితే మలుపు. రెండో గేరులో దిగండి. బ్రేకు ఒకసారి గట్టిగా నొక్కి వదలండి, కాలు ఆనించి ఉంచకండి. ఇంజిన్ ఆపి దిగారా, బ్రేకు పెడల్ గట్టిపడిపోతుంది, పవర్ స్టీరింగూ పనిచేయదు. అలిపిరి చేరాక చక్రాల దగ్గర మాడు వాసన వస్తే నీళ్లు పోయకండి, డిస్కు వంకరపోతుంది. హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులో పెట్టి, టైరుకో రాయి అడ్డం పెట్టి, వాసన పోయేదాకా ఆగండి.