సరస్సు ఒడ్డున రెండు రోజులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మావారూ నేనూ ఇద్దరం ఉద్యోగులం. ఇంట్లో 70 ఏళ్ల మా అత్తగారు, 10 ఏళ్ల బాబు ఉన్నారు. క్రిందటిసారి శని, ఆదివారాల్లో 7 చోట్లు చూసి, ఆదివారం అర్ధరాత్రి ఇల్లు చేరాం. సోమవారం పనిలో కూర్చునేసరికి వెళ్లకముందు కన్నా ఎక్కువ అలసటగా ఉంది. ఈసారి సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరికి వెళదామని నేనంటే, “ఒక్క సరస్సు తప్ప ఏమీ లేని ఊళ్లో రెండు రోజులు ఏం చేస్తాం?” అని మావారు అడుగుతున్నారు. నాకు కావలసింది విశ్రాంతి. ఎలా ఏర్పాటు చేసుకోమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీవారి సందేహమే తీసుకుందాం. స్విట్జర్లండులో జెనీవా సరస్సు ఒడ్డున మోర్జ్ అనే చిన్న ఊరు ఉంది. 1841లో అక్కడ పుట్టిన ఫ్రాంస్వా ఆల్ఫాన్స్ ఫొరెల్ అనే శాస్త్రవేత్త తన జీవితంలో ఎక్కువ భాగం ఆ ఒక్క సరస్సునే పరిశీలించి, దాని గురించి మూడు పెద్ద సంపుటాలు రాశాడు. సరస్సుల అధ్యయనం ఒక ప్రత్యేక శాస్త్రంగా నిలబడిందంటే అందుకు ప్రధాన కారకుడు ఆయనే. తొట్టిలో నీళ్లు ఒకసారి కదిలిస్తే అటూ ఇటూ తొణికినట్టు, గాలి తాకిడికీ వాతావరణ పీడనంలో మార్పులకూ మొత్తం సరస్సే ఊగుతుందనీ, జెనీవా సరస్సులో ఆ ఊపు ఒకసారి అటు పోయి ఇటు రావడానికి సుమారు 73 నిమిషాలు పడుతుందనీ ఆయన లెక్కగట్టాడు. మీరు శాస్త్ర పరిశోధనకు వెళ్లడం లేదు, నిజమే. కానీ ఒక మనిషికి జీవితకాలం సరిపోయిన నీరు మీ కుటుంబానికి రెండు రోజులు తప్పక సరిపోతుంది. కాకపోతే దాన్ని చూడవలసిన వేళలు తెలిసి ఉండాలి.

ఎండ కాసే రోజుల్లో నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేవగానే, ఆ ఖాళీలోకి సరస్సు మీది చల్లగాలి వచ్చి చేరుతుంది. అందుకే తెల్లవారుజామున అద్దంలా నిలిచి ఉన్న నీరు మధ్యాహ్నానికి అలలు తిరుగుతుంది. రాత్రి నేల ముందుగా చల్లబడుతుంది కనుక గాలి దిశ మారి, ఒడ్డు నుంచి నీటి మీదికి మెల్లగా వీస్తుంది. మీ రెండు రోజుల కార్యక్రమం ఈ గాలిని బట్టి వేసుకోండి. పడవ ఎక్కాలనుకుంటే ఉదయమే ఎక్కాలి: నీరు కదలదు, ఎండ ముదరదు, మీ అత్తగారికి పడవలో కాలు పెట్టడమూ తేలిక. చలికాలం ఉదయాల్లో, గాలి కన్నా నీరు వెచ్చగా ఉన్నప్పుడు, నీటి మీంచి ఆవిరిలా లేచే పొగమంచును చూడాలంటే ఎండ ఎక్కకముందే ఒడ్డుకు చేరాలి. మధ్యాహ్నం నీటి మీంచి చల్లగాలి వచ్చేది నిద్రకు మంచి వేళ. బయలుదేరేముందు మనం వేసుకునే పట్టికల్లో మధ్యాహ్నపు నిద్రకు చోటు ఉండదు. మీరు దాన్ని పట్టికలో మొట్టమొదట రాసుకోండి.

సాయంత్రం గురించి ఒక మాట. నీటికి ఆనుకున్న గాలి చల్లగా, దానిపైది వెచ్చగా ఉండే ప్రశాంతమైన వేళల్లో శబ్దం పైకి చెదిరిపోకుండా కిందికి వంగి, నీటి మీదుగా చాలా దూరం పోతుంది. ఆవలి ఒడ్డున తెడ్డు పడవకు తగిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. మన ఫోనులోని పాట అవతలివారికి అంతే స్పష్టంగా చేరుతుంది కనుక దాన్ని ఆపేయడం మర్యాద. ఆపేస్తే బాబుకు నీటిపిట్టల అరుపులు వినిపిస్తాయి.

ఇక ఏర్పాట్లలో అన్నిటికన్నా ముఖ్యమైనది బయలుదేరే రోజు. వీలైతే శుక్రవారం సాయంత్రమే చేరుకోండి. కొత్తచోట మొదటి రాత్రి నిద్ర పట్టకపోవడం మనందరికీ అనుభవమే. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించినప్పుడు, మొదటి రాత్రి మెదడులో ఎడమ భాగం కుడి భాగమంత గాఢంగా నిద్రపోకుండా, చుట్టుపక్కల చప్పుళ్లకు మెలకువగా ఉన్నట్టు తేలింది. అంటే మొదటి రాత్రి శరీరం కాపలా కాస్తుంది. శనివారం ఉదయం బయలుదేరితే మీకు దక్కేది ఆ ఒక్క కాపలా రాత్రే. శుక్రవారమే చేరితే శనివారం రాత్రి నిజమైన నిద్ర దొరికే అవకాశం ఉంటుంది. తిరుగు ప్రయాణం ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే పెట్టుకోండి. సాయంత్రం ఇంట్లో బట్టలు సర్దుకుని తీరికగా కూర్చునే రెండు గంటలు కూడా విశ్రాంతిలో భాగమే.

గది తీసుకునేటప్పుడు పడకగదుల అందం కన్నా ఒడ్డుకు ఎన్ని అడుగులో అడగండి. వాహనం ఎక్కకుండా, మెట్లు దిగకుండా మీ అత్తగారు తనంతట తాను నీటి దగ్గరికి వెళ్లి కూర్చోగలిగితే, ఆవిడకు తోడుగా ఎప్పుడూ ఒకరు ఆగిపోవలసిన అవసరం ఉండదు. వీపు ఆనించుకునే బల్ల, నీడనిచ్చే చెట్టు ఉన్నాయా అని కూడా తెలుసుకోండి. మోటారు పడవల రేవు పక్కనే గది వద్దు. మీవారికి ఊరికే కూర్చోవడం కష్టమైతే ఒడ్డు వెంట ఒక నడక ఆయనకు వదిలేయండి. ఒకే తీరును ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి నడిస్తే వెలుగు మారి రెండూ వేరు వేరు చోట్లలా కనిపిస్తాయి.

ప్రశ్న: మా పిల్లలు సరస్సులో ఈత కొడతామంటున్నారు. నీరు కదలకుండా ఉంటుంది కాబట్టి సముద్రం కన్నా ప్రమాదం తక్కువని అనుకోవచ్చా?
— ఒక తండ్రి

జవాబు: అనుకోకండి. లోతైన సరస్సుల్లో వేసవిలో పైపొర వెచ్చగా ఉన్నా, కొన్ని మీటర్ల కిందనే నీరు చాలా చల్లగా ఉండవచ్చు. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అత్యంత బరువుగా ఉంటుంది కనుక చల్లనీరు అడుగున, వెచ్చనీరు పైన పొరలుగా నిలిచిపోతాయి. హఠాత్తుగా చల్లనీటిలో పడిన మనిషి తన ప్రమేయం లేకుండానే పెద్దగా ఊపిరి పీలుస్తాడు. ఆ క్షణంలో తల నీటిలో ఉంటే నీరు లోపలికి పోతుంది. బాగా ఈత వచ్చినవారికీ ఇది జరుగుతుంది. అందువల్ల గట్టు మీంచి దూకనివ్వకండి. అడుగు కనిపించే చోట నుంచి మెల్లగా దిగనివ్వండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ కట్టుకోవలసిందే, ఈత వచ్చినా సరే. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తున్నప్పుడు గాలి నింపిన ట్యూబులు, తేలే బొమ్మలు పిల్లలతో సహా లోతులోకి కొట్టుకుపోతాయి. మునిగిపోయేవాళ్లు చాలాసార్లు కేక వేయలేరు. కాబట్టి ఒడ్డున కూర్చుని చెవి ఒగ్గితే చాలదు, చేయి చాస్తే అందేంత దగ్గరలో ఒక పెద్దవారు ఉండాలి.

నీటి మీద ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్టు తెట్టు కట్టి ఉంటే ఆ రోజు ఎవరూ దిగవద్దు. అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. దానిలో కొన్ని రకాల విషం చర్మానికి దురద, కడుపులోకి పోతే వాంతులు కలిగిస్తుంది, కాలేయాన్ని కూడా దెబ్బతీయగలదు. నీటిని మరిగించినా ఆ విషం పోదు. వెంట కుక్కను తీసుకువెళితే దాన్ని కూడా ఆ నీరు తాగనివ్వకండి.

ప్రశ్న: ఇలాంటి ప్రయాణం చేసి వచ్చిన వారానికే ఆ ప్రశాంతత పోతోంది. ఇంకా పొడవైన సెలవు తీసుకోవాలా?
— ఒక ఉద్యోగిని

జవాబు: సెలవు వల్ల కలిగే హాయి తిరిగి పనిలో పడిన కొద్ది వారాల్లోనే కరిగిపోతుందని దీని మీద పరిశోధించినవారు గమనించారు. కనుక ఏడాదికి ఒక్క పెద్ద సెలవు కోసం ఎదురుచూడటం కన్నా చిన్న ప్రయాణాలు తరచుగా చేయడమే మేలని నా అభిప్రాయం. వెళ్లినచోటికే మళ్లీ వెళ్లడానికి సంకోచించకండి. పైన చెప్పిన నిద్ర పరీక్షలో అదే చోట మరోసారి పడుకున్నప్పుడు మెదడులో ఆ తేడా కనిపించలేదు. తెలిసిన గదిలో మీరు మొదటి రాత్రి నుంచే హాయిగా నిద్రపోవచ్చు. దారి, గది, కూర్చునే బల్ల ముందే తెలిసి ఉంటే నిర్ణయాల బరువు కూడా తగ్గుతుంది. ఈసారి వేరే ఋతువులో వెళ్లండి. నీటిమట్టం మారి ఉంటుంది, వలస పక్షులు వచ్చో పోయో ఉంటాయి. క్రిందటిసారి మీరు నిలబడిన రాయి నీటిలో మునిగి ఉందో, ఒడ్డుకు దూరంగా తేలి ఉందో చూడండి.