ఒడ్డు దగ్గర బురద, లోపల ఇసుక: ఎందుకిలా?

“బరువైన ఇసుక ఒడ్డునే పడాలి, సన్నటి బురద దూరం కొట్టుకుపోవాలి కదా, మరి సముద్రంలో బాగా లోపలికి వెళ్ళాక అడుగున ఇసుక తగలడమేంటి?” అని అడిగారు. మీ లాజిక్ కరెక్టే. కాకపోతే ఆ ఇసుక ఇప్పటిది కాదు.

జియాలజీ చదివే రోజుల్లో గోవా తీరంలో అడుగుమట్టి శాంపిళ్ళు తీసే పడవ మీద కొన్నాళ్ళు పనిచేశాను. 30, 40 మీటర్ల లోతులో అయితే బూడిదరంగు జిగట బురద వచ్చేది, కుళ్ళిన గుడ్డు వాసనతో, ఒకసారి బట్టలకి అంటితే ఇక అంతే. 60 మీటర్లు దాటాక గవ్వ ముక్కలు, సున్నపు ఇసుక. ఆ ఇసుకలో ఊయిడ్లు అని నున్నటి గుండ్రటి గింజలుంటాయి, అవి తయారయ్యేది వెచ్చగా ఉండి అలలు అటూ ఇటూ దొర్లించే లోతు తక్కువ నీళ్ళలోనే. అంత లోతులో వాటికేం పని? అవి పుట్టిన రోజుల్లో ఒడ్డు అక్కడే ఉండేది, అదీ సంగతి.

సుమారు 20,000 ఏళ్ళ కిందట మంచుయుగం ముదిరినప్పుడు సముద్రం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అప్పుడు నదులు బయటపడ్డ నేలని కోసుకుంటూ పోయి బురదని చాలావరకు లోతు ఒక్కసారిగా పెరిగే అగాధం అంచుకే చేర్చేశాయి. మంచు కరిగి సముద్రం ముందుకొచ్చేసరికి నదుల లోయలు మునిగిపోయి, పైనుంచి వచ్చిన బురదంతా వాటిల్లోనే చిక్కుకుంది, బయటికి పెద్దగా ఏమీ రాలేదు, పాత ఒడ్డు ఇసుక మీద కప్పేవాళ్ళు లేక అలాగే ఉండిపోయింది. ఓ 7,000 ఏళ్ళ కిందట ఆ పెరుగుదల బాగా నెమ్మదించాకే లోయలు పూడి బురద మళ్ళీ బయటపడింది. సముద్రం పెరిగితే బురద మేట పెరుగుతుందని చాలామంది అనుకుంటారు గానీ, నన్నడిగితే పెరగడం కన్నా ఆగడమే ముఖ్యం.

బయటపడ్డ బురద కూడా మనం అనుకున్నంత దూరం పోదు. మంచినీళ్ళలో విడివిడిగా తేలే బంకమట్టి రేణువులు ఉప్పునీరు తగలగానే, నిమ్మరసం పడ్డ పాలలా, ముద్దలు కట్టి దిగిపోతాయి. తర్వాత లోతు తక్కువ చోట అలలు దాన్ని మళ్ళీ లేపుతాయి, ప్రవాహాలు తీరం వెంబడి లాక్కెళ్తాయి, అలల తాకిడి అడుగుకి అందని లోతులో చివరికి కుదురుకుంటుంది. అందుకే ఒడ్డుకి సమాంతరంగా ఓ బురద పట్టీ.

గోదావరిదీ ఇదే కథ. ఇప్పుడు మనం చూసే డెల్టా చాలావరకు ఆ ఆరేడు వేల ఏళ్ళలో కట్టిందే. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అలల్ని అడ్డుకోబట్టి దాని వెనక బురద నిలిచింది, కోరింగ మడ అడవికి అదే ఆధారం. ఈమధ్య డ్యాముల్లో ఒండ్రు ఆగిపోయి నది సముద్రంలో కలిసే మొగల దాకా వచ్చేది తగ్గింది. అలాగని కాకినాడ దగ్గరి ఉప్పాడలో తీరం కోతకి అదొక్కటే కారణం అని మాత్రం నేననను.

మీ ఊరి దగ్గర అడుగున ఏముందో చూడాలంటే డెహ్రాడూన్‌లోని నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ వేసే నావికా చార్టు సంపాదించండి. లోతు అంకెల మధ్య ‘ఎమ్’ ఉంటే బురద, ‘ఎస్’ ఉంటే ఇసుక, ‘ఎస్‌హెచ్’ ఉంటే గవ్వలు.