బిల్లు కొట్టగానే ప్రోగ్రామ్ మూసుకుపోతోంది!

ప్రశ్న: మా అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే చాలు, ప్రాసెసర్ వాడకం వంద శాతానికి దగ్గరవుతోంది. ఇన్‌వాయిస్ ప్రింట్ ఇస్తే ప్రోగ్రామ్ మూసుకుపోతోంది. కొత్త కంప్యూటర్ కొనాలా?

జవాబు: అప్పుడే కొనకండి. ముందు డేటా బ్యాకప్ తీసి వేరే డిస్క్‌లో పెట్టండి, ఆ తర్వాతే మిగతావి. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే, ఏ ప్రోగ్రామ్ ఎంత ప్రాసెసర్ వాడుతోందో చూపే టాస్క్ మేనేజర్ వస్తుంది. ప్రాసెసర్‌ని తినేస్తున్నది నిజంగా ఈ సాఫ్ట్‌వేరేనా, లేక అది ఫైల్‌లో రాసిన ప్రతిసారీ స్కాన్ చేస్తున్న యాంటీవైరసా అన్నది అక్కడ తెలిసిపోతుంది. యాంటీవైరస్ అయితే ఒక్క డేటా ఫోల్డర్‌కే మినహాయింపు ఇవ్వండి, మొత్తం ఆపేయొద్దు. డేటా ఫోల్డర్ క్లౌడ్‌తో సింక్ అవుతుంటే (ఆన్‌లైన్‌లోకి దానంతటదే కాపీ అవుతుంటే) దాన్ని సింక్ కాని ఫోల్డర్‌లోకి మార్చండి, తెరిచి ఉన్న ఫైల్‌ని రెండు ప్రోగ్రామ్‌లు పట్టుకుని లాగితే డేటా పాడవ్వచ్చు.

ప్రింట్ దగ్గరే పోతోందంటే నాకైతే ప్రింటర్ డ్రైవర్ (ప్రింటర్‌ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) మీదే అనుమానం. డీఫాల్ట్ ప్రింటర్‌గా, కాగితం బదులు ఫైల్ తయారుచేసే పీడీఎఫ్ ప్రింటర్‌ని పెట్టి చూడండి, అప్పుడు పనిచేస్తే పాత డ్రైవర్ తీసేసి కొత్తది వేసుకోండి. అయినా మూసుకుపోవడం మానకపోతే, విండోస్ లోపాల్ని నమోదుచేసే ఈవెంట్ వ్యూయర్‌లో ప్రోగ్రామ్ ఏ మాడ్యూల్ (భాగం) దగ్గర ఆగిందో రాసి ఉంటుంది, దాన్ని సపోర్ట్ వాళ్లకు పంపండి. రీఇన్‌స్టాల్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, లోపం డేటా ఫైల్‌లోనే ఉంటే దానివల్ల ఒరిగేదేం లేదు.