పలాసలో రెస్టారెంటా, వంటల టూరా? – సమాధానం

తమ్ముడూ, పదేళ్లు బయట షెఫ్‌గా చేసి పలాస తిరిగొచ్చానని, వంటల టూర్లు నడపాలా, అప్పు చేసి రెస్టారెంట్ పెట్టాలా తేలక టెన్షన్‌గా ఉందని రాశావు. అప్పు జోలికి ఇప్పుడే వెళ్లకు.

మార్చి, ఏప్రిల్‌లో ఆరుగురితో ఒక్కరోజు టూర్ చేసి చూడు. పొద్దున్నే ఉద్దానంలో జీడితోట, తర్వాత జీడిపప్పు ఫ్యాక్టరీ. 320 రకం అంటే పౌండుకు 300 నుంచి 320 పప్పులు తూగేదని వాళ్ల దోసిట్లో పోసి చూపించు. మధ్యాహ్నం ఊళ్లో ఒకరింట్లో పనసపొట్టు కూర. పొట్టు ఉడికించి గట్టిగా పిండాలి, పోపు, చింతపండు అయ్యాక కూర దించి అప్పుడు ఆవ కలపాలి. మంట మీద వేస్తే చేదెక్కుతుంది. ఇది నేర్పాల్సింది ఆ ఇంటి అమ్మే, నువ్వు పక్కన నిలబడు చాలు. ఆమె డబ్బులు ఆ పూటే చేతిలో పెట్టు, అది మాత్రం తప్పొద్దు. చలికాలమైతే తేలినీలాపురానికి వచ్చే వలస పక్షులను చూపించడం కూడా టూర్‌లో కలుపుకో.

రిసార్టులకు కన్సల్టెంట్‌గా, అంటే వంటశాల సలహాదారుగా వెళ్లాలనుకుంటే అది ఆ తర్వాత. మెనూ, వంటవాళ్ల శిక్షణ, సరుకుల ఖర్చు లెక్క, దేనికెంతో విడివిడిగా కాగితం మీద రాయించుకుని, సగం అడ్వాన్స్ అందాకే మొదలుపెట్టు. నేను నోటిమాట నమ్మి ఒక హోటల్‌కి మూడు నెలలు పనిచేశాను, రూపాయి రాలేదు.

ఇంట్లో వండినా డబ్బు తీసుకుంటున్నావు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ముందే చేయించు.