గొర్రెలకు పి.ఎం.ఎస్.జి. ఒక్కసారే, ఎఫ్.ఎస్.హెచ్. అన్నిసార్లు ఎందుకు?

ప్రశ్న: మాది వనపర్తి జిల్లా. 22 నెల్లూరు జోడిపి గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్నాయి. అన్నీ ఒకేసారి ఈనాలని డాక్టరుగారితో ఎదను ఆపి ఉంచే హార్మోన్ స్పాంజీలు పెట్టించి, అవి తీసిన రోజు అండాలు పెంచే పి.ఎం.ఎస్.జి. హార్మోన్ ఇంజెక్షన్ ఒకటి వేయించాను. 13 మాత్రమే చూలు నిలిచాయి. ఎఫ్.ఎస్.హెచ్. అనే ఇంకో హార్మోన్ నాలుగు రోజులు వేయిస్తే అన్నీ కడతాయి, కవలలు కూడా పడతాయి అని పక్క ఊరాయన అంటున్నాడు. రెండూ ఒకే పని చేస్తాయంటారు కదా, మరి ఒకటి ఒక్కసారే ఎందుకు, ఇంకొకటి అన్నిసార్లు ఎందుకు? పోనీ, ఉన్నదాని డోసే పెంచమంటారా?
– ఒక గొర్రెల రైతు

జవాబు: డోసు పెంచకండి, ఎఫ్.ఎస్.హెచ్. కొనకండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు ముందుగా అనుమానం వచ్చేది పొట్టేళ్ల లెక్క మీద. అది చివర చెబుతాను. ముందు మీరు అడిగిన 'ఎందుకు' సంగతి చూద్దాం, ఇది తెలిస్తే అనవసరంగా డబ్బు పోదు.

ఎఫ్.ఎస్.హెచ్. అనేది గొర్రె మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ప్రోటీన్ హార్మోన్, అండాశయంలో అండపు తిత్తుల్ని పెంచేది ఇదే. దానికి చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి, ఆ గొలుసుల కొసన సియాలిక్ ఆమ్లం ఉంటుంది. ఈ ఆమ్లం ఎక్కువున్న రూపం రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. తక్కువున్న రూపాన్ని కాలేయం త్వరగా పట్టి తీసేస్తుంది, కానీ ఉన్న కాసేపట్లోనే అది అండాశయం మీద గట్టిగా పని చేస్తుంది. గొర్రె ఒంట్లో ఈ రూపాలన్నీ ఎప్పుడూ కలిసే ఉంటాయి, వాటి పాళ్లే మారుతుంటాయి. 16–17 రోజుల ఎద చక్రంలో, ఎదను ఆపి ఉంచే ప్రొజెస్టిరాన్ హార్మోన్ నడిచే రోజుల్లో ఎక్కువసేపు నిలిచే రూపాల పాలు ఎక్కువ. అండపు తిత్తి పెరిగి, ఎద తెప్పించే ఈస్ట్రోజెన్ హార్మోన్ పొంగి, గొర్రె ఎదకు దగ్గరపడేకొద్దీ చురుకైన రూపాల పాలు పెరుగుతుంది. అందుకే రక్తంలో హార్మోన్ ఎంతుందో కొలిచి చూసినంత మాత్రాన కథంతా తెలియదు, ఏ రూపంలో ఉందన్నదీ లెక్కే.

ఇప్పుడు మీ ఇంజెక్షన్ల సంగతి. పి.ఎం.ఎస్.జి. చూడి గుర్రం నుంచి తీసేది. దాని నిండా చక్కెర గొలుసులు, సియాలిక్ ఆమ్లమే, కాబట్టి ఒక్క సూది వేస్తే రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది. పిట్యూటరీ నుంచి తీసిన ఎఫ్.ఎస్.హెచ్. కొన్ని గంటల్లో కరిగిపోతుంది, అందుకే మూడు నాలుగు రోజులపాటు పన్నెండు గంటలకోసారి వేయాలి. అది ఒక మేలైన గొర్రె నుంచి పిండాలు ఎక్కువ తీసి వేరే గొర్రెల్లో పెట్టే పనికి వాడేది. మంద పెంపకానికి దాని అవసరం లేదు.

పి.ఎం.ఎస్.జి. డోసు పెంచితే నష్టం కూడా ఆ నిలిచే గుణంలోంచే వస్తుంది. అండాలు విడుదలైపోయాక కూడా అది తిత్తులను పెంచుతూనే ఉంటుంది, అవి పగలక అలాగే మిగులుతాయి. ఒకవేళ మూడేసి పిల్లలు పడినా తల్లికి అన్ని పాలు రావు, నీరసపు పిల్లలు వారంలోపే పోతాయి, అది చూడలేం. సాధారణంగా వాడేది 300 నుంచి 500 యూనిట్లు. మీ గొర్రె బరువు చూసి డాక్టరుగారే నిర్ణయించాలి. అవే గొర్రెలకు ప్రతి ఈతకూ వేయిస్తూ పోతే ఒంట్లో యాంటీబాడీలు తయారై మందు పనితనం తగ్గుతుంది.

ఇక పొట్టేలు. మామూలు రోజుల్లో 25 గొర్రెలకు ఒక పొట్టేలు చాలు, ఎందుకంటే రోజుకు ఒకటో రెండో ఎదకు వస్తాయి. స్పాంజీ తీశాక 24–48 గంటల్లో దాదాపు మందంతా ఎదకు వస్తుంది, ఒక్కో దాని ఎద 24–36 గంటలే. దొడ్డి దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది: పొట్టేలు దగ్గరకు వచ్చి తోక ఆడిస్తూ నిలిచే రెండు మూడు గొర్రెల్నే మళ్లీ మళ్లీ దాటుతుంది, ఓ మూల నిలబడ్డవి అలాగే ఉండిపోతాయి. పైగా సాయంత్రానికి వీర్యం పలచబడుతుంది. ఒకేసారి ఎదకు తెప్పించినప్పుడు ఆరేడు గొర్రెలకు ఒక పొట్టేలు ఉండాలి. బయటి పొట్టేళ్లు తెస్తే ముందు బ్రూసెల్లా (ఈచుకుపోయే రోగం తెచ్చే క్రిమి) పరీక్ష చేయించండి. దొరక్కపోతే 22 గొర్రెల్ని మూడు గుంపులు చేసి, వారం తేడాతో స్పాంజీలు పెట్టించండి, మీ ఒక్క పొట్టేలే సరిపోతుంది.

దాటించడానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెకు రోజుకు 200–250 గ్రాముల దాణా ఇవ్వండి. యూరప్ గొర్రెలు పగటి పొద్దు తగ్గితే ఎదకొస్తాయి, మన గొర్రెలు చాలావరకు మేత బాగుంటే వస్తాయి. కవలలు కావాలన్నా సూది కన్నా ముందు చూడవలసింది ఇదే.

కట్టని ఆ 9 గొర్రెల్ని అప్పుడే అమ్మేయకండి. ముందు స్కానింగ్ చేయించి గర్భసంచిలో లోపం ఏమన్నా ఉందేమో చూపించండి. లోపమేమీ లేకపోతే ఈసారి పొట్టేలు రొమ్ముకు నూనెలో కలిపిన ఎర్రమన్ను పూయండి. దాటిన గొర్రె వీపు మీద రంగు అంటుతుంది. రంగు పడని గొర్రెను ఆ రోజే విడిగా పొట్టేలుకు చూపించండి. 15వ రోజున రంగు మార్చండి, 16–17 రోజులకు కొత్త రంగు పడిన గొర్రె చూలు నిలవలేదని లెక్క.